పిడికెడు బియ్యం

మా అత్తయ్యకి ఓ అలవాటుండేది. పూటకి సరిపడా బియ్యం కొలిచి చేటలో పోసుకున్నాక, రాళ్లేరడానికి కూర్చోబోయే ముందు, ఆ కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పొయ్యిగట్టు మీదున్న మట్టిముంతలో వేసేది. ఆ తర్వాతే ఏరడమైనా, కడగడమైనా. ఇంట్లో పదిమంది చుట్టాలున్నా అంతే, బియ్యం అడుగంటిన నెలాఖరు రోజులైనా అంతే. కాపురానికి వచ్చిన కొత్తలో నేను తెలివికిపోయి, ముందుగా బస్తాలోంచే పిడికెడు తీసి ముంతలో పడేశాను. ఆవిడ చూసి నవ్వి, "కొలిచాక తియ్యాలి అమ్మాయ్. బస్తాలోంచి తీస్తే బస్తా ఇచ్చినట్టు. కొలిచిందాంట్లోంచి తీస్తే మనం ఇచ్చినట్టు" అంది.

క్రైస్తవ కుటుంబాల్లో పెరిగిన చాలామందికి ఈ ముంత సంగతి కొత్తేమీ కాదు. తక్కినవారి కోసం చెబుతున్నాను. అన్నం వండే ప్రతిసారీ ఇంటి ఇల్లాలు దేవుడి పేరు చెప్పి ఒక పిడికెడు పక్కన పెడుతుంది. నెల తిరిగేసరికి స్త్రీల సమాజం వాళ్లు సంచీ పట్టుకుని ఇంటింటికీ వస్తారు. లేదా ఎవరి బియ్యం వాళ్లే ఆదివారంనాడు గుడికి తీసుకెళ్లి కానుకలతో పాటు పెడతారు. ఆ బియ్యం వేలం వేస్తే వచ్చిన డబ్బు సంఘం పనులకో, ఇల్లు గడవనివారికో పోతుంది. రెండుపూటలా పిడికెడు చొప్పున మా ఇంట్లో నెలకి సుమారు మూడు కిలోలు పోగయ్యేవి.

మనదేశంలో ఈ అలవాటుకి పెట్టింది పేరు మిజో కొండలు. అక్కడ 1910లో దీన్ని మొదలుపెట్టారు. కొండవాలుల్లో పోడు కొట్టుకుని బతికే ఇళ్లలో డబ్బు కనబడేదే అరుదు. ఉన్నదల్లా బియ్యమే. ఆ బియ్యంలోంచే ఆడవాళ్లు పిడికెడు తీశారు. ఈనాటికీ అక్కడ ఆ ఆచారం ఆగలేదు. ఆ పిడికిళ్ల విలువ ఇప్పుడు ఏడాదికి కోట్ల రూపాయల్లో ఉంటుంది. ఇక మన తెలుగునాట డోర్నకల్ సంగతి తీసుకోండి. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు వి. యస్. అజరయ్యగారు 1912లో బిషప్ అయింది అక్కడికే. పుట్టింది తమిళదేశంలో, సేవ చేసింది మన పల్లెల్లో. ఆయన సంఘాల్లో ఎక్కువమంది కూలినాలి చేసుకునే పేదలే. "పాపం, వాళ్లకే లేదు, వాళ్లేం ఇస్తారు" అని ఆయన జాలిపడి ఊరుకోలేదు. లేనివాళ్లు కూడా ఉన్నదాంట్లో ఇవ్వాలని బోధించారు. ఇచ్చే చెయ్యి ఉన్నప్పుడే మనిషి తలెత్తుకు నిలబడతాడని ఆయన నమ్మకం కాబోలు. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ డోర్నకల్ దేవాలయాన్ని చూస్తే గుడి, మసీదు, చర్చి మూడూ కలిసి కట్టుకున్నట్టుంటుంది.

అత్తయ్య మా దగ్గరికి పట్నం వచ్చేశాక మట్టిముంత పోయి దాని స్థానంలో డాల్డా డబ్బా వచ్చింది. వంట నా చేతికి వచ్చింది గనుక పిడికెడు వేసే పని కూడా నాదే అయింది. పదకొండేళ్లు వేశాను. నిజం చెప్పొద్దూ, ఆ పదకొండేళ్లలో దేవుణ్ణి తలుచుకుని వేసిన పిడికిళ్లు ఎన్నని లెక్కపెడితే వేళ్లు చాలినా చాలొచ్చు! ఒక చెయ్యి డబ్బాలో ఉంటే కళ్లు పొంగే పాల మీద, చెవులు వీధిలో కూరలబండి మీద, మనసు పిల్లల ఫీజుల మీద. పెదాలు మాత్రం "ప్రభువా, ఇది నీది" అంటూనే ఉండేవి. అలవాటు!

ఒక వేసవి సెలవుల్లో మా అమ్మాయి ఈ విషయమే పట్టుకుంది. అప్పుడు కాలేజీలో చదువుతోంది. మూడు రోజులు వరసగా ఉజ్జీవ సభలకి వెళ్లి, ఏడ్చి ఏడ్చి, ముఖం కడిగిన ముత్యంలా చేసుకుని వచ్చింది. నాలుగోరోజు పొద్దున్న వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను చూస్తూ, "అమ్మా, మనసు ఎక్కడో పెట్టుకుని నువ్వు వేసే ఆ బియ్యం భక్తి ఎలా అవుతుందే? వేషం కాదూ?" అంది.

నాకు రోషం వచ్చింది. "ముందు వెళ్లి స్నానం చెయ్యి" అన్నాను. జవాబు తెలియనప్పుడు తల్లులు చెప్పే జవాబు అదేగా! కానీ ఆ ప్రశ్న మాత్రం నాతోపాటే వంటింట్లో ఉండిపోయింది. దానికి తప్పు పట్టడానికీ లేదు. ఏసుప్రభువు తన కాలంలోని పరిసయ్యులని సరిగ్గా ఇందుకే తప్పుపట్టాడు. వాళ్లు పుదీనాలోనూ, సోపులోనూ, జీలకర్రలోనూ కూడా పదోవంతు లెక్కగా కొలిచి దేవుడికిచ్చేవారు. న్యాయాన్నీ, కనికరాన్నీ మాత్రం వదిలేశారు. చూశారా, ఆయన చెప్పినవన్నీ మన పోపులపెట్టెకి చుట్టాలే. ఆ మాట చదివినప్పుడల్లా నా డాల్డా డబ్బా కళ్లముందుకొచ్చేది.

అయినా మరోపక్క ఆలోచిస్తే ఇంకోలా తోచేది. పొద్దున్నే లేచి పిల్లలకి టిఫిను డబ్బాలు సర్దుతాం. ప్రతి డబ్బా మూత పెట్టేటప్పుడూ మన గుండెల్లో ప్రేమ పొంగిపొర్లుతూ ఉంటుందా? ఉండదు. ఆరున్నరయిందే, బస్సు వచ్చేస్తుందే అన్న కంగారు తప్ప మరేమీ ఉండదు. అంతమాత్రాన ఆ డబ్బాలో ఉన్నది వేషమవుతుందా? ఎప్పుడైనా మనసు పొంగినప్పుడు మాత్రమే వండిపెట్టే తల్లికంటే, పొంగినా పొంగకపోయినా వేళకి వండిపెట్టే తల్లినే పిల్లలు నమ్ముకుంటారు. నమ్మకత్వం అన్న మాటకి అర్థం అక్కడే ఉందేమో అనిపించేది.

17వ శతాబ్దంలో పారిస్ నగరంలోని ఒక మఠంలో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి ఉండేవాడు. యుద్ధంలో గాయపడి కాలు కుంటిదైన మాజీ సిపాయి. పెద్ద చదువు లేదు గనుక మఠంలో ఆయనకి వంటపని అప్పగించారు. తమాషా ఏమిటంటే ఆయనకి వంటంటే అసలు గిట్టదు! అయినా ఏళ్ల తరబడి ఆ గిట్టని వంటింట్లోనే గరిటె తిప్పుతూ దేవుడితో మాట్లాడడం నేర్చుకున్నాడు. ప్రార్థనకని వేరే వేళ అక్కర్లేదు, గిన్నెల చప్పుడులోనూ అదే సన్నిధి అన్న స్థితికి వచ్చాడు. 1691లో ఆయన పోయాక ఆయన మాటల్నీ, ఉత్తరాల్నీ పోగుచేసి పుస్తకం వేశారు. మూడువందల ఏళ్లు దాటినా జనం ఇంకా చదువుతున్నారు. ఇది చదివి నేను కాస్త సంతోషించాను. ఆ వెంటనే కాస్త దిగులూ పడ్డాను. ఆయనకి గిన్నెల మధ్య దేవుడు కనిపించాడు. నాకు గిన్నెల మధ్య గిన్నెలే కనిపిస్తున్నాయే!

నాలాంటివాళ్లకి ధైర్యం చెప్పిన మనిషి మరొకరున్నారు. మదర్ థెరిసా 1997లో కన్నుమూశారు. ఆవిడ తన ఆత్మీయ గురువులకి రాసుకున్న ఉత్తరాలు 2007లో అచ్చయ్యాయి. వాటిని చించెయ్యమని ఆవిడ కోరినా అవి మిగిలిపోయాయి. వాటిల్లో ఏముందో తెలుసా? కలకత్తా వీధుల్లో పని మొదలుపెట్టిన రోజుల నుంచీ దాదాపు యాభై ఏళ్లపాటు, మధ్యలో ఏ కొద్దికాలమో తప్ప, ఆవిడకి దేవుడి సన్నిధి అనుభవానికే రాలేదట. లోపలంతా చీకటి. ప్రార్థిస్తే జవాబు లేని నిశ్శబ్దం. అయినా తెల్లవారకముందే లేచి మోకరించడం మానలేదు, రోడ్డుపక్క పడి ఉన్నవారిని ఎత్తుకురావడం మానలేదు. ఆ ఉత్తరాలు చూసి కొందరు "అయితే ఆవిడ నవ్వంతా నటనేనా?" అన్నారు. మా అమ్మాయి నన్నడిగిన ప్రశ్నే ఇది! కానీ ఆవిడ చేతుల్లో చివరి శ్వాస విడిచినవాళ్లకి ఆ చేతులు నటనగా తోచి ఉంటాయా?

ఇంతవరకూ ఆలోచించుకుని, నా పక్షాన తీర్పు చెప్పేసుకుని, నిశ్చింతగా ఉన్నాను. ఆ ఏడు వర్షాకాలంలో ఆ తీర్పు కాస్తా తిరగబడింది.

నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా వాన. మా పనిమనిషి భర్త తాపీపనికి పోయేవాడు. వానకి పనులు ఆగిపోయాయి. నాలుగోరోజు సాయంత్రం ఆమె అంట్లు తోమబోతూ ఆగి, "అమ్మగారూ, ఓ కిలో బియ్యముంటే ఇప్పించండి, జీతంలో పట్టుకోండి" అంది. మా ఇంట్లోనూ బస్తా అయిపోయింది. డబ్బాలో అడుగున రెండుపూటలకి ఉన్నాయేమో. ఆ మాటే చెప్పాను, అబద్ధం కాదు. ఆమె చూపు అలమరలో నిండుగా ఉన్న డాల్డా డబ్బా మీద పడింది. నేను గమనించాను. "అవి దేవుడి బియ్యమమ్మా, ముట్టుకోకూడదు" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతులో ఒక విధమైన గొప్ప కూడా ఉంది సుమండీ! "అయ్యో, తెలీక చూశానమ్మగారూ" అని ఆమె వెళ్లి అంట్ల ముందు కూర్చుంది.

వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్య లేచింది. మోకాళ్లనొప్పులతో గోడ పట్టుకుంటూ వచ్చి, డబ్బా దించి, "కొంగు పట్టవే" అని ఆమె కొంగులోకి మొత్తం వంపేసింది. "దేవుడివేనే. పట్టుకుపో" అంది. అంతే. మళ్లీ వెళ్లి చిక్కుడుకాయల ముందు కూర్చుంది. నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండునని ఆ రాత్రంతా అనుకున్నాను.

అక్కడితో అయిపోలేదు. నెలాఖరుకి స్త్రీల సమాజం వాళ్లు వచ్చారు. డబ్బాలో అరకిలో కూడా లేవు. నోటుపుస్తకంలో మా పేరుకి ఎదురుగా ఎప్పుడూ మూడు అని ఉండేది. ఆ నెల పావుతక్కువ అర! రాసుకునే ఆవిడ తలెత్తి నాకేసి చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. 'వానల్లో ఒక పేదరాలికిచ్చాం' అని గట్టిగా చెప్పుకోవాలని నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు, పదకొండేళ్లుగా పిడికెడు పిడికెడు చొప్పున నేను పోగుచేసుకున్నదేమిటో. ఆ పుస్తకంలో అంకె! పరిసయ్యుడి జీలకర్ర నా వంటింట్లో ఎంత నిశ్శబ్దంగా మొలకెత్తిందో అప్పటిదాకా నాకే తెలీలేదు.

అయితే అమ్మాయి అన్నదే నిజమా? అంతా వేషమేనా? చాలా రోజులు అలాగే అనుకున్నాను. తర్వాత ఒకనాడు బియ్యం కొలుస్తుంటే ఇంకో సంగతి తట్టింది. ఆ వానరోజు అత్తయ్య డబ్బా దించితే అందులో వంపడానికి బియ్యమంటూ ఎందుకున్నాయి? నేను పాలమీద కళ్లు పెట్టుకుని, కూరలబండి మీద చెవులు పెట్టుకుని, మనసు లేకుండా వేసిన పిడికిళ్లవల్లేగా! ఆ రాత్రి ఆ పిల్లలు తిన్న అన్నానికి, అందులో ఏ గింజ భక్తితో పడిందో, ఏ గింజ పరధ్యానంగా పడిందో తెలీదు. అన్నీ ఒకేలా ఉడికాయి. నాకు మనసు కుదిరిన రోజుల్లోనే వేద్దామని కూర్చుని ఉంటే, అత్తయ్య దించిన డబ్బా ఖాళీగా ఉండేది.

అంచేత నాకు తోచింది ఇది. డబ్బా నింపడానికి అలవాటు చాలు. మూత తియ్యడానికి మాత్రం అలవాటు చాలదు, అక్కడ ప్రేమ కావాలి. అలవాటు లేని ప్రేమ ఖాళీ డబ్బా మూత తీసి కన్నీళ్లు పెట్టుకుంటుంది. ప్రేమ లేని అలవాటు నిండు డబ్బాకి కాపలా కూర్చుంటుంది. నేను చేసిన తప్పు మనసు లేకుండా వెయ్యడంలో లేదు. వేసింది ఎవరి కోసమో మరిచిపోవడంలో ఉంది. అత్తయ్యా ఏళ్ల తరబడి నాలాగే వేసింది. ఆవిడ కళ్లూ పొంగే పాల మీదే ఉండేవి. కానీ అవసరం వచ్చి గుమ్మంలో నిలబడ్డ క్షణాన, అది దేవుడి తరఫు నుంచి వచ్చిందని ఆవిడ గుర్తుపట్టింది. నేను గుర్తుపట్టలేదు.

ఆత్మీయంగా ఎదగడం అంటే ఏమిటని పెద్దవాళ్లు రకరకాలుగా చెబుతారు. నాకు తెలిసినంతవరకూ అది మనకి కనబడేది కాదు. విత్తనం వేసిన రైతు రాత్రి పడుకుంటాడు, పొద్దున్న లేస్తాడు. అది ఎలా మొలిచిందో, ఎప్పుడు ఎదిగిందో అతనికే తెలీదని ప్రభువు ఒక ఉపమానం చెప్పాడు. ఇంకోటి అచ్చంగా మన ఆడవాళ్ల ఉపమానం. ఒకామె పులిసిన పిండి కాస్త తీసి మూడు కుంచాల పిండిలో కలిపింది. అంతా పులిసేదాకా లోపల ఏం జరుగుతోందో పైకి తెలీదు. మన ఇళ్లల్లో పాలలో తోడు వేసినట్టే అనుకోండి. తోడుకుందో లేదోనని గంటగంటకీ గిన్నె కదిపి చూసేవాళ్ల ఇంట్లో పెరుగు గట్టిగా తోడుకోదు! నేనెంత ఎదిగానా అని రోజూ లోపలికి తొంగిచూసుకునే భక్తీ అంతే.

మరి తోడుకుంటోందో లేదో ఎవరికి తెలుస్తుంది? తినేవాళ్లకి తెలుస్తుంది. మనం ఎదిగామో లేదో మన ప్రార్థనలో వచ్చిన కన్నీళ్లని అడిగితే అవి సరిగ్గా చెప్పవు. మన చేతికింద బతికేవాళ్లని అడగాలి. కోడలున్నవారు కోడల్ని అడగాలి. పనిమనిషి మన గుమ్మంలోకి రావడానికి ఇదివరకంత భయపడుతోందా, లేదా చూసుకోవాలి. ఇంటాయన జీతం తక్కువ తెచ్చిన నెలలో మన గొంతు ఎలా ఉందో పిల్లల్ని అడగాలి. అడిగే ధైర్యం నాకింకా పూర్తిగా రాలేదు. అడగకుండానే మా పనిమనిషి ముఖంలో అప్పుడప్పుడూ చదువుకుంటూ ఉంటాను.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఏదైనా రోజూ చెయ్యాలని పూనుకున్న వాళ్లందరికీ ఎదురయ్యే బాధ ఒకటుంది. ఒకరోజు తప్పిపోతుంది. జ్వరమో, ప్రయాణమో, బద్ధకమో! తప్పగానే మనసు రెండు రకాలుగా మోసం చేస్తుంది. 'ఎలాగూ తప్పింది, ఇంక మానెయ్' అంటుంది. లేదా 'రేపు రెండింతలు చేసి లెక్క సరిచెయ్' అంటుంది. ఓసారి పెళ్లికి వెళ్లి వచ్చి, మూడు రోజుల బాకీ అని ఆరు పిడికిళ్లు ఒకేసారి వెయ్యబోయాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "నిన్నటిది నిన్నటితో పోయింది. దేవుడేమన్నా చిల్లరకొట్టు షావుకారా, పద్దు రాసుకోవడానికి? ఇవాళ్టిది వెయ్యి" అంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి కురిసిన మన్నా కథ ఆవిడకి చదివి వినిపించింది నేనే. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మర్నాటికి దాచుకుంటే పురుగు పట్టేది. వారానికి ఒక్కసారి, విశ్రాంతి దినానికి ముందు మాత్రమే దాచుకోవచ్చు. కథ చదివింది నేనూ, గుర్తుపెట్టుకుంది ఆవిడా! నమ్మకత్వాన్ని కూడా దాచిపెట్టుకోలేం. నిన్న మంచిగా ఉన్నాను గనుక ఇవాళ కాస్త కసురుకున్నా ఫరవాలేదని ఎవరూ అనుకోవడానికి లేదు. నిన్న కసురుకున్నాను గనుక ఇవాళ మంచిగా ఉండడానికి మొహం చెల్లదని కూడా అనుకోనక్కర్లేదు. వాకిట్లో నిన్నటి ముగ్గు చెరిగిపోయిందని ఏ ఇల్లాలూ ఏడవదు కదా! తెల్లారితే మళ్లీ నీళ్లు చల్లి చుక్కలు పెడుతుంది.

అత్తయ్య పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ పోయిన మర్నాడు అన్నం వండడానికి కూర్చుని, ఆ దుఃఖంలోనూ నా చెయ్యి దానంతటదే చేటలోంచి పిడికెడు తీసి డబ్బాలో వేసింది. ఆ పూట నాకు దేవుడూ గుర్తులేడు, ప్రార్థనా గుర్తులేదు. చెయ్యికి మాత్రం గుర్తుంది. మనిషి మనసు చేతకాక చతికిలబడిన రోజున మోసుకెళ్లడానికి ఆ చెయ్యి ఒక్కటే ఉంటుందేమో. అందుకు కూడా అలవాటు కావాలి.

మా అమ్మాయికి ఇప్పుడు తన ఇల్లు, తన సంసారం. మొన్నామధ్య పొద్దున్నే ఫోను చేసింది. వెనకాల కుక్కరు కూత, పిల్లల గోల. అంత హడావుడిలో ఏం అవసరమొచ్చిందో అనుకున్నాను.

"అమ్మా, కొలవకముందు తియ్యాలా, కొలిచాకా?" అంది.

"కొలిచాక" అన్నాను.

"సరే" అని పెట్టేసింది. మనసు పెట్టి వేస్తోందో లేదో నేను అడగలేదు.